రంగు పట్టిన ముగ్గు

“సీసా మీద ఏం రాసినారు మే? పేరా, నంబరా?” అన్యాడు ఆయప్ప.

“నంబరే లే, గమ్మున పండుకో” అంటి.

ఆయప్పంటే నా మొగుడే, పేరు పెట్టి అనను; నాకూ ఆయప్పకూ నడమ కడాపటి మాటలు అవే. ఆసుపత్రిలో నర్సమ్మ ఆయప్ప రక్తం తీసి చిన్న సీసాలో పోసుకోని పోతాంటే అడిగినాడు. అడిగి, మూతి పక్కకు తిప్పి నవ్వినాడు. ఆ నవ్వు మీకు అర్థం కావాలంటే నా దొంగతనం చెప్పల్ల. (రాయి పాపా, సిగ్గేం లేదు. మా చెల్లెలి కూతురు రాస్తాండాది. నాకు సంతకం మటుకే వచ్చు. నా గరగర గొంతులో దానికి ఏం వినబడతాందో ఏమో!)

ఆ దినాల్లో నేను లోకంలో నమ్మింది రెండే: పెనుకొండలో మా అవ్వను, మా ఇంటి తాళాన్ని. పెండ్లయి ధర్మవరం వచ్చిన కొత్త. ఆయప్ప పట్టునూలుకు రంగులేసేటోడు. ఒగదినం మోచేతుల దాకా ఎరుపు, ఇంకోదినం పచ్చ. అన్నం కలుపుతాంటే అన్నానికి రంగెక్కుతుందేమో అని చూస్తా కూచునేదాన్ని. రంగుల షెడ్డు ఇంటెనకాల్నే. దాంతోనే మా బతుకు. నేను కాలేజీలో కసువు కొట్టే పనికి కుదిరినా. ఆడ హిందూపురం నుంచి దినామూ రైల్లో వచ్చే మేడమ్మ ఒకాయమ్మ ఏందో పెద్ద చదువు చదువుతాండె. ఆయమ్మ పని చూస్తే ఎవరికైనా అనుమానమే. పెన్సిల్ ముల్లు నూరినట్ల నల్లపొడి, దాంట్లోకి చిటికెడు తెల్ల రాతిపొడి, రెండు చుక్కల నూనె. సంగటి మాదిరి మెదిపి, సన్నగొట్టంలో కూరి, ఎనకనుంచి రాగితీగ దూర్చి, కొసను కాగితం మీద రుద్ది రుద్ది నున్నగా చేసేది. అదేందంటే ఎలక్ట్రోడంట. దాన్ని నీళ్లలో ముంచి కరెంటిస్తే పక్కన పెట్టె గీత గీస్తాది.

ఒగదినం సీసాలో ఎర్రనీళ్లు చూస్తి. “ఇవి యాడివి మేడమ్మా?” అంటే, “మీ వీధి కాలవవే అక్కా” అనె. “ఈ రాతిపొడికి కంటికి కనపడని చిల్లులుంటాయి. రంగు పోయి ఆ చిల్లుల్లో కూచుంటాది. కడవెడు నీళ్లలో చుక్కున్యా సరే, గీతలో గుట్ట లేసి పట్టిస్తాది.”

పట్టిస్తాది! కాలవలో రంగునీళ్లు వదిలేటోళ్ల షెడ్లకు తాళాలేస్తారని వీధంతా అనుకుంటాండారు అప్పటికే. సీసా మీద చూస్తే ఇంగ్లీషులో ఏందో రాసుండాది. మా ఆయప్ప పేరే! ఇంకెవరిదుంటాది? ఆ మేడమ్మ నవ్వుముఖం ఎనకాల ఉండేది దొంగచూపే అని అప్పుడే తేల్చుకుంటి.

మరుసటి దినం మేడమ్మ డబ్బాలో రాతిపొడంతా కొంగున కట్టుకోని, బదులుకు మా అవ్వ పెనుకొండలో అమ్మే ముగ్గుపిండి పోసినా. రెండూ తెల్లగా అక్కచెల్లెండ్ల మాదిరే ఉండె. ఆ పొద్దు నుంచి పెట్టెలో గీత చచ్చినపాము మాదిరి పండుకునింది. “మొన్న గుట్ట లేస్తాండె కదా, ఏమాయె?” అని మేడమ్మ తీగలు విప్పుతాది, కడుగుతాది, మళ్లీ మెదుపుతాది. నాలుగుదినాలకు కండ్లు ఎర్రగయినాయి. “సోమవారం మా సారుకు చూపించల్లక్కా. లేకుంటే నా చదువు ఈడికే ఆపేస్తారు” అని ఏడ్చె. అయినా నాటకమేమో అని ఒంటికన్నుతో చూస్తానే ఊడిస్తి.

దొంగసొమ్ము పారేయబుద్ధి కాక, ఆ పొడి కాస్త తీసి ఇంటిముందర ముగ్గేసినా. అదీ నా తెలివి! ఆ పొద్దున ఆయప్ప తడి నూలుకట్టలు కట్టెకు తగిలించి భుజాన పెట్టుకోని వీధిలో పోతాంటే, మా ముగ్గు మీదా, పక్కింటోళ్ల ముగ్గు మీదా ఎర్రచుక్కలు కారినాయి. పక్కింటోళ్లది నీళ్లు చల్లితే ఇట్ల తడిసి అట్ల తెల్లబడె. మాది మటుకు గోరింటాకు పెట్టిన చెయ్యి మాదిరి పండిపాయె. చెంబెడు నీళ్లు పోసినా పోలేదు. సరిగ్గా అప్పుడే మేడమ్మ ఖాళీ సీసా పట్టుకోని కాలవ కాడికి వచ్చి, నిలబడిపాయె. ఈ ముగ్గు చూస్తాది, ఆ ముగ్గు చూస్తాది.

“ముగ్గుపిండి యాడ కొన్యావక్కా?”

“పెనుకొండలో, మా అవ్వ కాడ.”

“పక్కింటోళ్లో?”

“వాళ్లకూ నేనే తెచ్చిస్తా, మా అవ్వ కాడిదే.” (ఒకే పిండయితే మా ముగ్గొకటే ఎందుకు పండల్ల? ఆ నోరు కుట్టుకోనుంటే సరిపోయేది.)

ఆయప్ప నా ముఖం చూసి కట్టె కింద దించినాడు. “ఏం చేసినావు మే?” అన్యాడు. నేను ఊరుకుంటానా? “షెడ్డుకు తాళమేయిస్తాది ఈయమ్మ! సీసా మీద నీ పేరు రాసిపెట్టుకునింది!” అని అరిస్తి. మేడమ్మ సంచిలోనుంచి ఆ ఎర్రనీళ్ల సీసా తీసి నా ముందర పెట్టె. “ఇది పేరు కాదక్కా, నంబరు. నాలుగో సీసా. కాలవలో వీధంతా కలిసే నీళ్లు, ఎవరివని చెప్పేది పొడి? రంగు ఎంతుండాదో చెబుతాది, ఎవరిదో చెప్పదు.”

“మాది నాలుగో వీధే కదా?” అంటి నేను. ఆయప్ప నవ్వలేక వాకిట్లోనే కూలబడినాడు.

మిగిలిన పొడి కొంగులో తెచ్చి మేడమ్మ డబ్బాలోకి పోస్తి. సోమవారం గుట్ట లేసింది, ఆయమ్మ చదువు నిలబడింది. మా షెడ్డుకు ఎవురూ తాళమేయలేదు. రంగును పట్టే పొడి నన్ను మటుకు పట్టిచ్చింది. అప్పటినుంచి ఇంటికి ఏ కాగితమొచ్చినా ఆయప్పది ఒకటే మాట: “పేరా మే, నంబరా?”

ఆసుపత్రిలో నంబరే అంటి కదా, ఆ సీసా నేను చూడనేలేదు. చూసినా ఏం తెలుస్తాది? నాకు చదవను రాదని ఆయప్పకు తెలీదా? తెలిసే అడిగినాడు.

పాపా, ఆయప్ప పేరు యాడా రాయలేదు కదా? ఏమో, నిన్ను నమ్మేదెట్ల, నీ రాత నాకు చీమలబారు మాదిరి ఉండాది. మొదట్నుంచి చదువు. ఆ సీసా మాట ఆయప్ప అడిగినట్లే అడుగు. జవాబు నేను చెప్తా.