నవ్వే రైతు కావలెను

ఆ రోజుల్లో ఫోటో అంటే మనిషి జీవితం మొత్తానికి ఒకటో రెండో. అందుకే దానికి దక్కాల్సిన మర్యాద దానికి దక్కేది. తలంటుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, జడ్జీ ముందు నిలబడ్డట్టు నిలబడేవారు. ఫోటోలో పళ్ళు బయటపెట్టడం పరువు తక్కువ పని. ఈ సంగతి ఎక్కడో ఉన్న స్వీడన్ వాళ్ళకు తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు, కానీ మధ్యలో నలిగింది మాత్రం నేను.

డెబ్బైలలో పటాన్‌చెరు దగ్గర నీటి పంపుల కంపెనీ ఒకటి పెడితే గుంటూరు వైపు నుంచి వచ్చి అందులో ప్రచార విభాగంలో చేరాను (విభాగమంటే నేనూ, మా పైఅధికారీ, ఒక టైపు మిషనూ). ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కంపెనీలో సగం వాటా స్వీడన్ వాళ్ళది. వాళ్ళు అచ్చేసే పుస్తకంలోకి మన రైతు ఫోటో కావాలంటే, కంది ఊరి అవతల పల్లెలో మా పంపు కొన్న పటేలు ఫోటో పంపించాను. తలపాగా, గుబురు మీసం, నిటారుగా కూర్చున్న తీరు చూసి నేనే మురిసిపోయాను. కొన్నాళ్ళకు జవాబొచ్చింది: 'ఈ పెద్దమనిషికి మన పంపు మీద ఎందుకింత కోపం? మెకానిక్‌ను పంపమంటారా?'

మా పైఅధికారిని చాటుగా 'టెలిగ్రాం' అనేవాళ్ళం. మాటకింత అని ఎవరో వసూలు చేస్తున్నట్టు మాట్లాడేవారు. ఆ జవాబు నా ముందు పడేసి, "నవ్వే రైతు. నెలాఖరులోగా. లేకపోతే ఇంటికి," అన్నారు. ఇంటికంటే ఎక్కడికి? ఉద్యోగమొచ్చిందని ఊరంతా చెప్పుకున్న మా నాన్న దగ్గరికి.

ఇక మొదలైంది నా తిరుగుడు. మండే ఎండలో బస్సు దిగి, పొలాల గట్ల మీద నడిచి వెళ్తే, కరెంటు ఉన్న రోజు పటేలు ఉండేవాడు కాదు, పటేలు ఉన్న రోజు కరెంటు ఉండేది కాదు. వెంట సంగారెడ్డి స్టూడియో సాయిబు. పెళ్ళిళ్ళకూ పురుళ్ళకూ జనం నవ్వు ఆపడంలో ఆయనకు మించినవాడు జిల్లాలో లేడని పేరు. "హిల్నా నక్కో, హస్నా నక్కో" (కదలొద్దు, నవ్వొద్దు) అని ఆయన ఒక్క కేక వేస్తే చంటిపిల్లలు కూడా బిగుసుకుపోయేవారు. అలాంటి మనిషిని నవ్వించమని తీసుకెళ్ళాను; నా తెలివికి అంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

చివరికి ఒక సాయంత్రం అన్నీ కుదిరాయి. పంపు నీళ్ళు పోస్తోంది, పటేలు మంచం మీద కూర్చున్నాడు, రీలులో మిగిలింది ఒక్కటే బొమ్మ. "కాస్త నవ్వండి పటేలుగారూ," అన్నాను.

"నవ్వుడేంది పిలగా? రేపు నేను పోయినంక గీ ఫోటోకే దండేస్తరు. పండ్లిగిలించుకుంట దండేయించుకోవాల్నా?" అన్నాడాయన.

గట్టు మీద కూలబడి, సిగ్గు విడిచి నిజం చెప్పేశాను. "మీరు నవ్వకపోతే నా ఉద్యోగం పోతుందండీ. స్వీడన్ వాళ్ళకు నవ్వే రైతే కావాలట."

పటేలు మంచం మీద నుంచి ముందుకు వంగాడు. "నేను నవ్వితె నీకు జీతమా? గంత దూరం నుంచి నా పండ్ల కోసం ఖబురు పంపిండ్రా? వాళ్ళకేం పని లేదా?" అంటూ మొదలుపెట్టాడు నవ్వడం. పొట్ట పట్టుకుని, తలపాగా జారిపోయేలా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాడు. "తియ్యండి సాయిబుగారూ, తియ్యండి!" అని నేను అరుస్తూనే ఉన్నాను. సాయిబు కదిలితేనా! "నక్కో పటేల్ సాబ్, హస్నా నక్కో!" అని గదమాయించి, ఆయన నవ్వు ఆపుకుని, తలపాగా సర్దుకుని, మీసం దువ్వి బిగుసుకునేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడు నొక్కాడు. నా వైపు తిరిగి, "ఎంత పరేషాన్ అయింది సార్, నవ్వు ఆపనీకి!" అన్నాడు గర్వంగా.

వేరే దారి లేక అదే పంపాను. ఫోటోలో రాతి ముఖం, బుగ్గల మీద తడి. పెట్టె సర్దుకుంటున్న నాకు పుస్తకం వచ్చి చేరింది. పేజీ నిండా పటేలు, కింద ఒక వాక్యం: 'పొలానికి నీరందిన వేళ రైతు ఆనందబాష్పాలు.' టెలిగ్రాం దాన్ని చూసి, "ఖాయం," అన్నారు.

పుస్తకం తీసుకెళ్ళి ఆ వాక్యం చదివి వినిపించాను. పటేలు చాలాసేపు చూసుకున్నాడు. "నీ నౌకరి పక్కా అయిందా?" అన్నాడు. అయిందన్నాను. "అయితె మంచిదే. గని బిడ్డా, మోటరు కోసం ఎవడన్న ఏడుస్తడా? నేను నిన్ను జూసి నవ్విన."

తర్వాత ఉద్యోగమంతా ఆ దేశం వాళ్ళకు ఈ ఊరినీ, ఈ ఊరికి ఆ దేశం వాళ్ళనూ వివరించడంతోనే గడిచిపోయింది. విదేశీయుల మనసు నాకు బాగా తెలుసని పేరు కూడా వచ్చింది. ఎవరికి ఎవరు అర్థమయ్యారో నాకు మాత్రం తెలియదు, అలసిపోయాను. అయినా ఉద్యోగం పోతుందని గట్టు మీద కూలబడ్డ ఆ గుంటూరు కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. ఆపమనేవాళ్ళెవరూ లేరు కాబట్టి, కళ్ళు తడిసేదాకా నవ్వుకుంటాను.