చేతికందే బీరువా

1957లో నేను నంద్యాలలో ఒక ప్రభుత్వ కార్యాలయపు రికార్డు గదికి గుమాస్తాను. బి.ఏ. చదివి సంపాదించిన పాండిత్యాన్ని ఎక్కువగా నిచ్చెన ఎక్కడానికే వాడేవాణ్ణి.

అరలోంచి ఫైలు తీస్తే దాని స్థానంలో రిక్విజిషన్ స్లిప్ పెట్టాలి. ఫైలు ఎవరి దగ్గరుందో చెప్పే చీటీ అది. గడువు తీరిన కాగితాలను ఏటా కాల్చేవాళ్లం. స్లిప్ ఉంటే మాత్రం ఆ ఫైలు ఇంకా ఎవరికో కావాలని లెక్క. జనం మాటిమాటికీ అడిగే వాటికి నకళ్లు రాయించి నా బల్ల పక్కన బీరువాలో ఉంచుకునేవాణ్ణి. అసలు ఫైలు ఎటూ అరలో ఉంటుంది కనుక, బీరువాను నిశ్చింతగా ఖాళీ చేసేవాళ్లం.

ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి యేసుదాసు అనే రైతు వచ్చేవాడు. ప్రభుత్వం వాళ్ల నాయనకిచ్చిన ఎకరన్నర చేనుకు పట్టా ఉండేది. కుందూ నది పొంగినప్పుడు ఇంటితోపాటు ఆ పట్టా కాగితమూ కొట్టుకుపోయింది. పక్క చేనాయన గట్టు దున్నేసి అంతా తనదే అంటున్నాడు. కోర్టులో చూపడానికి మా గదిలో ఉన్న ఆ పట్టా ఫైలు నకలు కావాలి. మొదటిసారి దరఖాస్తు మీద స్టాంపు లేదు. రెండోసారి సర్వే నెంబరు తప్పు. మూడోసారి అన్నీ సరిగానే ఉన్నాయి, సంతకం పెట్టవలసిన అధికారే క్యాంపులో ఉన్నాడు.

"మల్ల యెప్పుడు రావల్ల సార్?"

"పదిహేను దినాలాగి రా."

"వస్తా. బస్సోడికి నా మొగం నోటికొచ్చింది. కాయితం యాడికీ పోదు గదా?"

"యాడికి పోతాది? నా పక్కనే ఉంటాది."

మాట నిలబెట్టుకున్నాను. మళ్లీ నిచ్చెన ఎక్కే ఓపిక లేక అసలు ఫైలునే బీరువాలో పెట్టాను. పక్కనే ఉన్నదానికి చీటీ ఎందుకని స్లిప్ రాయలేదు.

ఆ వారమే గది శుభ్రం చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. అరల్లోని ఫైళ్లకు గడువు తీరిందో లేదో ఒక్కొక్కటే రిజిస్టరులో సరిచూశాను. ఆ శ్రద్ధకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

"అప్పా, బీరువాలోవి చూడవా?" అన్నాడు అటెండరు ఖాసిం.

"అన్నీ నకళ్లే. ఎత్తెయ్."

ఆఫీసు వెనక కాల్చేశారు.

పదిహేనో రోజున యేసుదాసు వచ్చాడు. అర వెతికాను. బీరువా తెరిచాక అర్థమైంది.

"కాలిపోయింది. నేనే కాల్పించినా."

"మల్ల రాసీ సార్. మూడుతూర్లు సూసింటివి గదా, గుర్తుండదా?"

గుర్తుంది. నెంబరు, తేదీ, వాళ్ల నాయన వేలిముద్ర పక్కన సిరా మరక కూడా. నా జ్ఞాపకానికి ముద్ర వెయ్యడానికి మాత్రం ఆఫీసులో సీలు లేదు. ఫైలు లభ్యం కావడం లేదని కాగితం ఇచ్చాం. కోర్టు దాన్ని రుజువు లేనట్టుగానే తీసుకుంది.

నేను నేర్చుకున్నది చిన్నదే. అతను ఒక్కసారి అడిగి ఊరుకుని ఉంటే ఫైలు పైఅరలో దుమ్ముపట్టి క్షేమంగా ఉండేది. పదేపదే అడిగాడు కనుకే నా చేతికి అందేంత దగ్గరికి వచ్చింది. తర్వాత ఉద్యోగమున్నన్నాళ్లూ ప్రతి కాగితమూ విప్పి చూశాకే పారేయించాను. వాటిలో ఇంకొక్క అసలు ఫైలు కూడా దొరకలేదు.

యేసుదాసు ఇంకా ఆ చేన్లోనే పనిచేస్తున్నాడని కొన్నేళ్ల తర్వాత ఖాసిం చెప్పాడు. కూలికి.