ఎర్రగుడ్డతో గడ్డపోతారం దాకా

గడ్డపోతారం చూడడానికి ఎవరూ సరదాగా వెళ్లరు. నేనూ వెళ్లలేదు, పంపితే వెళ్లాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను హైదరాబాదులో ఎమ్మే చదువుతున్నాను. వేర్వేరు సంస్కృతుల మనుషులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారు అనేదాని మీద మాకొక పేపరు ఉండేది. "పుస్తకాల్లోంచి ఎత్తి రాసింది నాకొద్దు. మూడు నాలుగు భాషలవాళ్లు కలిసి పనిచేసే చోటికి పోయి, కళ్లారా చూసి రండి" అన్నారు మా మేడం. తెలివిగలవాళ్లు హోటళ్లూ, బట్టల దుకాణాలూ పంచుకున్నారు. ఆ రోజు జ్వరంతో క్లాసు ఎగ్గొట్టిన నాకు పటాన్‌చెరు దగ్గర గడ్డపోతారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ మిగిలింది.

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. బల్లి అరిస్తే మంచం ఎక్కే రకం నేను. పటాన్‌చెరు చుట్టుపక్కల సంగతి పేపర్లో చదివిందల్లా రియాక్టరు పేలిందనో, చెరువులో చేపలు తేలాయనో. తోడొస్తానన్న స్నేహితురాలిది సంగారెడ్డి. ముందురోజు సాయంత్రమే వాళ్లింటికి చేరాను. తెల్లారేసరికి ఆమె కడుపునొప్పి అని ముసుగు తన్నింది. నిజం నొప్పో, గడ్డపోతారం నొప్పో దేవుడికెరుక. వాళ్లమ్మ పెట్టిన ఉప్మా రెండు ముద్దలు మింగి, ఏడున్నరకల్లా సంగారెడ్డి బస్టాండులో ఒక్కదాన్నే నిలబడ్డాను.

మీరెవరైనా అటు వెళ్తే పటాన్‌చెరు ఆర్డినరీ బస్సు ఎక్కండి, ఎడమవైపు కిటికీ మాత్రం వద్దు, ఎండ మొహం మీదే కొడుతుంది. నా పక్కన సీతాఫలాల గంపతో ఒకావిడ కూర్చుంది. నలభై దాటి ఉంటాయి. పేరు యాదమ్మ. పటాన్‌చెరు బస్టాండు ముందు పళ్లమ్ముతుందట. కంది, రుద్రారం దాటే దాకా బాగానే ఉంది. ఇస్నాపూర్ దగ్గర గాలి మారింది. కుళ్లిన గుడ్డులో గోళ్లరంగు కలిపితే ఎలా ఉంటుందో అలాంటి వాసన. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

"ఏంది బిడ్డా, గట్ల ముక్కు మూసుకున్నవు? కొత్తనా?" అంది యాదమ్మ.

ఎక్కడికి వెళ్తున్నానో చెప్పాను. ఫ్యాక్టరీ పేరు వినగానే ఆవిడ నా వైపు తిరిగి కూర్చుంది.

"మా ఆయన గండ్లనే చేస్తడు! నర్సింలు అంటరు. నన్నైతే గేటుకాడ్నే ఆపుతరు. నువ్వు లోపటికి పోతవా?"

"పోవాలమ్మా. భయంగానే ఉంది."

ఆవిడ కొంగు ముడి విప్పి అరచేయంత ఎర్రగుడ్డ తీసింది. చుట్టూ బంగారు రంగు అంచు, నడిమధ్య కుంకుమ. "ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ కాడ పెట్టి మొక్కి తెచ్చిన. దస్రకు అందరు మిషన్లకు కట్టిన్రు. అప్పుడు మా ఆయనకు జొరం, పోలే. ఆయన ట్యాంకొక్కటే బోసిగున్నదట. జెర ఆయన చేతికియ్యి బిడ్డా, నీకు పుణ్యముంటది."

"అంత భయమా అమ్మా?"

"పోయినేడు మా పక్కింటాయన ట్యాంకు కడగనీకి దిగిండు," అని గంపలో పళ్లు సర్దుకుంది. "గంతే."

ఆ 'గంతే' విన్నాక గుడ్డను సంచిలో పెట్టుకున్నాను. పటాన్‌చెరులో దిగి, ఆమెకు చెప్పి, టీ తాగి షేర్ ఆటో ఎక్కాను. ఆటోలో అంతా మగవాళ్లు, టిఫిన్ డబ్బాలు. సగం మంది హిందీ, ఇంకేదో భాష. దారి పొడవునా గోడలు, గోడల మీద గాజుపెంకులు, గోడల వెనక పొగ. వెనక్కి పోదామని రెండుసార్లు అనుకున్నాను. వెనక్కి పోతే మేడం ఊరుకోరు, ముందుకు పోతే ప్రాణం ఊరుకోదు.

పదింటికి గేటు. మేడం ఇచ్చిన ఉత్తరం చూసి, తలకు టోపీ పెట్టి లోపలికి పంపారు. షిఫ్టు ఇన్‌చార్జి ఖాజాగారు ఎదురొచ్చారు. తెల్లగడ్డం, మెత్తటి మాట. గోడల నిండా ఇంగ్లీషులో హెచ్చరిక బోర్డులున్నాయి. ఇవి అందరూ చదువుతారా అన్నాను.

"ఎవ్వడు సదువుతడమ్మా? ఈడోళ్లది తెలుగు, ఒడిశావోళ్లది ఒడియా, బీహారోళ్లది హిందీ. బోర్డులు తనిఖీకి వచ్చెటోళ్ల కోసం. మనకు ఒక్కటే నిశానీ. ట్యాంకుల మనిషి దిగితే, దాని వాల్వుకు ఎర్రగుడ్డ కడతం. ఇగ అది ఎవ్వడు ముట్టడు."

నా ప్రాణం లేచొచ్చింది. మూడు భాషలవాళ్లు కలిసి ఒక గుడ్డముక్కను మాటగా చేసుకున్నారు! ఇంకేం కావాలి నా పేపరుకి? ఖాజాగారు నన్ను మూడో ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లారు. ఇంటి గది అంత ఉంది. పైన మెట్ల అరుగు, ఆ అరుగు మీద మనిషి దూరేంత గుండ్రటి కంత, దాని పక్కనే ట్యాంకులోకి మందు వదిలే పెద్ద వాల్వు. ఇంతలో ఆయనకు ఫోనొచ్చిందని పిలిచారు. "ఈడ్నే ఉండున్రి. దేన్నీ ముట్టకున్రి, ఎవ్వర్నీ ముట్టకున్రి" అని దిగిపోయారు.

కంత దగ్గర గోపాల్ అనే ఒడిశా కుర్రవాడు కాపలా ఉన్నాడు. వాల్వుకి కట్టిన ఎర్రగుడ్డ చూపించి, కంతలోకి వేలు చూపించి, "అందర్ ఆద్మీ. నర్సింలు భాయ్" అన్నాడు. లోపలి నుంచి బ్రష్షు రుద్దుతున్న చప్పుడు వస్తోంది. అతను బయటికి రాగానే యాదమ్మ గుడ్డ ఇచ్చేద్దామనుకున్నాను. గోపాల్ నీళ్ల బకెట్టు కోసం కిందికి వెళ్లాడు.

అప్పుడు తలెత్తి చూశాను. అరుగు పొడవునా వాల్వులు వరసగా ఉన్నాయి. నాలుగో ట్యాంకు వాల్వుకి ఎర్రగుడ్డ. ఐదో దానికి ఎర్రగుడ్డ. ఆ చివరిదాకా ఎర్రగుడ్డలే. అన్నిటికీ బంగారు అంచు, కుంకుమ బొట్టు. దసరాకి కట్టినవి! ఈ మూడోదానికి ఒక్కదానికే అంచు లేదు, కుంకుమ లేదు, నూనె మరకల పాత పీలిక. మరి ఇక్కడ మనిషి ఉన్నాడని చెప్పేది ఏ గుడ్డ?

మెట్లు ఎక్కి ఇంకో మనిషి వచ్చాడు. యాభై ఏళ్ల ఆపరేటరు, నుదుట పెద్ద బొట్టు. పేరు మల్లేశమని తర్వాత తెలిసింది. నన్ను చూసి నమస్కారం పెట్టి, తిన్నగా మూడో వాల్వు దగ్గరికి నడిచాడు. ఆ పాత పీలికను రెండు వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నాడు. అమ్మవారికి కాలు తగులుతుందేమో అన్నంత జాగ్రత్తగా దాన్ని పక్కకి జరిపాడు. రెండు చేతులూ వాల్వు తిప్పే చక్రం మీద వేశాడు.

నోరు తెరిచాను. మాట రాలేదు. తెలుగు రాలేదు, హిందీ రాలేదు, 'ఆ' అన్న అరుపు కూడా రాలేదు. ఎమ్మేలో మాట గురించి రెండేళ్లుగా చదువుతున్నది నేనే! లోపల బ్రష్షు చప్పుడు కూడా సరిగ్గా అప్పుడే ఆగింది. చక్రం కొద్దిగా కదిలింది. నేను పరిగెత్తి ఆ మనిషి మణికట్టు రెండు చేతులతో పట్టుకుని వేలాడాను.

"ఏంది మేడం! ఏమైంది?" అన్నాడు అదిరిపడి. ముక్కూ మొహం తెలియని ఆడపిల్ల చెయ్యి పట్టుకుంటే ఎవరైనా అదిరిపడతారు. నేను వదల్లేదు. ఒక చెయ్యి తీసి కంతలోకి చూపించాను, మళ్లీ పట్టుకున్నాను.

ఆయన వంగి లోపలికి కేకేశాడు. "ఎవడ్రా లోపట?"

"నేనే, మల్లేశన్నా. ఏంది, చాయ్ వచ్చిందా?" అంది ట్యాంకు అడుగునుంచి ఒక గొంతు.

మల్లేశం చక్రాన్ని వెనక్కి బిగించి అక్కడే కూలబడ్డాడు. "రాత్రి డ్యూటీలనే కడిగిన్రనుకున్న. గుడ్డ సూసి దస్రకు కట్టిందే అనుకున్న. నేనే కట్టిన గద మిగిలినయన్నిటికి, ఈ చేతుల్తోనే" అంటూ ఆ చేతులనే చూసుకున్నాడు. నీళ్ల బకెట్టుతో పైకొచ్చిన గోపాల్ సంగతి అర్థమై బకెట్టు వదిలేశాడు. నర్సింలును పైకి లాగారు. సన్నటి మనిషి, ఒళ్లంతా తెల్లపొడి. సంగతి విని నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగిపోయింది.

ఖాజాగారు పరిగెత్తుకొచ్చారు. ఇవాళ ఎవ్వరూ ట్యాంకులో దిగొద్దన్నారు. తర్వాత ఆ వరస మొత్తం చూసి, "మల్లేశం, ఇవన్ని విప్పెయ్" అన్నారు.

"దుర్గమ్మ గుడ్డ సార్. విప్పితే నా ఇంట్ల ఏమైతదో. ఇంకెవర్నన్న విప్పమనున్రి."

ఖాజాగారు గడ్డం నిమురుకున్నారు. "నేను విప్పితే బాగుండదు భాయ్. రేపు ఎవడన్న ఇంకో మాటంటడు." గోపాల్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను సంచిలో ఉన్న అంచు గుడ్డను గట్టిగా పట్టుకున్నాను. నాకూ అమ్మవారంటే భయమే. చివరికి ఫ్యాక్టరీ యజమాని, సేటు వచ్చాక అడుగుదామన్నారు. ఒకరి మాట ఒకరికి అర్థం కాక కాదు. అందరికీ అన్నీ అర్థమయ్యాయి, అయినా ఒక్క గుడ్డా ఊడలేదు. నా పేపర్లో దీనికి ఏ పేరు పెట్టాలో తెలియలేదు.

క్యాంటీన్లో పప్పన్నం పెట్టారు. సాయంత్రం షిఫ్టు వదిలాక నర్సింలుతోనే షేర్ ఆటోలో పటాన్‌చెరు వచ్చాను. దారిలో గుడ్డ ఇచ్చాను. "ట్యాంకుకు కట్టమన్నదా?" అని అడిగి, కాసేపు చేతిలో పట్టుకుని, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

యాదమ్మ గంప సగం ఖాళీ అయింది. మొగుణ్ని చూడగానే మొహం విచ్చుకుంది. "ఇయ్యాల గీ మేడం లేకుంటే, ఇగ నువ్వొక్కదానివే సీతాఫలాలు అమ్ముకుంటుంటివి" అన్నాడు నర్సింలు, నవ్వులాటగా. జరిగింది చెప్పాడు. ఆవిడ లేచి అతని భుజం మీద పిడికిలితో కొట్టింది. "నీ నోట్ల మన్నుబడ! గట్ల నవ్వుతవేంది?" అని మళ్లీ కొట్టింది, ఆ చెయ్యి భుజం మీదే ఉండిపోయింది.

కాసేపటికి నన్నడిగింది. "మరి ఆ గుడ్డలు విప్పిన్రా?"

"లేదమ్మా."

"అమ్మోరివి ఎవరు విప్పుతరే?" అన్నాడు నర్సింలు.

ఆవిడ ఏదో అనబోయింది. అని ఉంటే 'విప్పమను' అనే అనాలి. అనలేకపోయింది. చెంపలు వేసుకుని, "రేపు ఏ డ్యూటీ?" అంది.

"పొద్దటిదే."

లింగంపల్లి మీదుగా పోయే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఇక ఈ జన్మలో ఈ వైపు రాకూడదనుకుంటున్నాను. హాస్టలు, నా మంచం, తలుపు గడియ, అవే గుర్తొస్తున్నాయి. యాదమ్మ గబగబా వచ్చి, కిటికీలోంచి మూడు సీతాఫలాలు నా ఒళ్లో వేసి, కడ్డీ పట్టుకుని నిలబడింది.

"రేపు గూడ వస్తవా బిడ్డా?" అంది.

బస్సు కదిలింది. పొద్దున వాల్వు దగ్గర లాగే నా నోరు తెరుచుకుంది, మాట రాలేదు. ఆవిడ జవాబు కోసం బస్సుతో పాటు నాలుగడుగులు నడిచింది.