పొదిలి నుంచి నల్లపాడుకి నెమలి పెట్టె

మా నాన్న నెమళ్ళకి విషం పెట్టాడని ఊరంతా అంది. పెట్టలేదని నేనన్నాను. నా ఒక్కదాని మాట ఎవరు వింటారు? అందుకే ఈ ప్రయాణం.

మాది పొదిలికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లె. పదో తరగతితో చదువు ఆపేసి నాటుకోళ్ళు పెంచుకుంటున్నాను. మా నాన్న సైదులు రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేశాడు. సరిగ్గా కోతలు మొదలైన వారంలోనే మా చేని గట్టు మీద నాలుగు నెమళ్ళు పడిపోయాయి. నెమలి చస్తే మాటలు కాదు. అటవీశాఖ బీటు ఆయన వచ్చి, మా పాకలో గుళికల మందు పొట్లం చూశాడు. ఆ పొట్లం లేని రైతు మా చుట్టుపక్కల ఎక్కడైనా ఉంటే చూపించమనండి! దానికి తోడు నాన్నకి నోరెక్కువ. పోయిన వారమే పదిమంది కూలీల ముందు "మీ అంతు చూస్తా" అని నెమళ్ళ మీద కర్ర విసిరాడు. ఇంకేం, కథ కుదిరిపోయింది. సోమవారం ఆఫీసుకి వచ్చి, తప్పు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమన్నారు. పెడితే జైలే.

నాలుగింటిలో ఒకటి నేను వెళ్ళేసరికి ఇంకా బతికే ఉంది. మెడ మెలితిరిగి తల వీపు మీదకి వాలిపోయింది. ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. కోళ్ళు పెంచే ఏ ఆడదాన్నయినా అడగండి, అదేమిటో చెప్తుంది. కోళ్ళని మందలకి మందలే తుడిచిపెట్టే కొక్కెర తెగులు! ఆ మాటే పశువుల డాక్టరు గారితో అన్నాను. ఆయన కొట్టిపారేయలేదు.

"కావచ్చమ్మా. కడుపులోది విషం పరీక్షకి వెళ్ళింది, అదెప్పుడొస్తుందో తెలీదు. రోగం పరీక్షకి కూడా పేగులు తీసి డబ్బాలో పెట్టి సీలేశాను. నల్లపాడు దగ్గర పక్షుల రోగాలు చూసే ల్యాబ్ ఉంది. తీసుకెళ్ళడానికే మనిషి లేడు."

"నేను మనిషిని కానా అండీ?"

బీటు ఆయన పక్కనే ఉన్నాడు. "కేసు వాళ్ళ నాన్న మీద, డబ్బా ఈ పిల్ల చేతికా! బాగుంది సార్" అన్నాడు.

"అయితే లక్క మీద మీ సంతకం కూడా పెట్టండి సార్. పగిలితే నన్నడగండి" అన్నాను. పెట్టాడు. డాక్టరు గారు డబ్బాని థర్మోకోల్ పెట్టెలో ఉంచి చుట్టూ ఐసు నింపారు. "చల్లగా ఉండాలి, ఐసు కరిగితే మళ్ళీ పోయాలి, డబ్బా మాత్రం ముట్టుకోకు" అని మూడుసార్లు చెప్పారు.

శుక్రవారం పొద్దున అయిదున్నరకి పొదిలిలో నరసరావుపేట బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా టికెట్. ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే జిరాక్సు నమ్ముకోకండి, కార్డే పట్టుకెళ్ళండి. పెట్టెని ఒళ్ళో పెట్టుకున్నాను. చలికి తొడలు తిమ్మిరెక్కాయి.

"ఏంటమ్మా అది, చేపలా? వాసనొస్తే దింపేస్తా" అన్నాడు కండక్టరు.

"చేపలు కాదన్నా, నెమలి పేగులు."

బస్సు బస్సంతా నా వైపు తిరిగింది. దాచి ఏం లాభం? దాస్తేనే దొంగతనంలా ఉంటుంది. జరిగిందంతా గట్టిగా చెప్పేశాను. దర్శిలో మిరపకోతల కూలీలు ఎక్కితే, వాళ్ళకీ మొదట్నుంచీ చెప్పాను. నా పక్కన కూర్చున్న పెద్దావిడ చెంగుతో మూతి తుడుచుకుంటూ విన్నది.

"మా ఊళ్ళోనూ చచ్చాయే అమ్మాయ్, మూడు. విషమేలే అనుకున్నాం."

"మెడలు తిరిగాయా పిన్నీ?"

"తిరక్కేం, తాడు పేనినట్టు తిరిగాయి."

"అంతకుముందు మీ కోళ్ళేమన్నా చచ్చాయా?"

"కోళ్ళు చావని ఏడు ఏదే తల్లీ! చచ్చినవాటిని పొలిమేర దాటించి పారేశాం. ఊళ్ళో ఉంచితే తెగులు ఊరినే పట్టుకుంటదిగా."

ఆవిడ మామూలుగా చెప్పిన మాట నాకు మాత్రం గుండెలో గుచ్చుకుంది. మా ఊళ్ళోనూ అదే పద్ధతి. కొక్కెర తెగులొస్తే చచ్చిన కోడిని ఇంటి దగ్గర పూడ్చరు. ఊరు దాటించి వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. రెండు వారాల కింద మా కోళ్ళు పద్నాలుగు పోయాయి. గంపలో వేసుకుని తీసుకెళ్ళింది నేనే. మా చేని గట్టు అవతల పారేసింది నేనే. ఆ గట్టు మీదే పొద్దుటిపూట నెమళ్ళు పురుగులు ఏరుకుంటాయి.

అద్దంకిలో బస్సు పది నిమిషాలు ఆగింది. నాలుగు ఇడ్లీ తీసుకున్నాను, రెండే దిగాయి. విషం పెట్టింది నాన్న కాదని నిరూపించడానికి బయల్దేరాను. తీరా రోగం తెచ్చిపెట్టింది నేనేనని తేలేట్టుంది. వెనక్కి వెళ్ళే బస్సు ఎదురుగానే ఉంది. అబద్ధం చెప్పను, ఒక్క క్షణం దాని బోర్డు చదివాను. తర్వాత పెట్టె ఎత్తుకుని నా బస్సే ఎక్కాను.

తొమ్మిదీ పదికి నరసరావుపేట. ఐసు సగం నీళ్ళయింది. రైల్వే స్టేషన్ ముందు చెరుకురసం బండి ఆయన్ని ఐసు అడిగితే, "పెళ్ళికా అమ్మా?" అన్నాడు. "కాదు బాబాయ్, పోస్టుమార్టానికి" అన్నాను. పాపం, గబగబా సుత్తితో కొట్టి దోసిళ్ళతో పోశాడు. లక్క చూసుకున్నాను, చెక్కు చెదరలేదు.

తొమ్మిది యాభైకి రావలసిన పాసింజరు రైలు పదీ పదికి వచ్చింది. కిటికీలోంచి ఎటు చూసినా కల్లాల్లో ఎర్రగా మిరపకాయలే. ఘాటుకి రైలుపెట్టెలో అందరం వంతులేసుకుని తుమ్మాం. ఎదురుగా కూర్చున్న పత్తి వ్యాపారి, ఒక పెద్దాయన, నా కథంతా విని తల ఊపాడు.

"ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ ఆఫీసుల గొడవ? మగాళ్ళు చూసుకుంటార్లే."

"మగాళ్ళు చూసుకునే సంతకం దాకా తెచ్చారండీ" అన్నాను. పక్కావిడ నవ్వితే ఆయన కూడా నవ్వేసి, నాకు ఒక బత్తాయి ఇచ్చాడు.

నల్లపాడులో దిగేసరికి పదకొండున్నర. స్టేషన్ నుంచి ల్యాబ్‌కి ఆటోలో పది నిమిషాలు. గేటు దగ్గర గుమాస్తా కాగితం చూసి, "నిందితుడి కూతురు తెస్తే ఎలా తీసుకుంటాం?" అని మొదలుపెట్టాడు. "లక్క చూడండి, దాని మీద రెండు సంతకాలు చూడండి, నా మొహం తర్వాత చూడొచ్చు" అన్నాను. నా గొంతు కాస్త పెద్దదే, నాన్న పోలిక. లోపల్నుంచి తెల్లకోటు వేసుకున్న అమ్మాయి వచ్చింది. నా వయసే ఉంటుంది. కోళ్ళ రోగాలు అడవి పక్షులకి ఎలా అంటుకుంటాయో పరిశోధన చేస్తోందట. లక్కని ఫోటో తీసి డబ్బా తీసుకుంది.

బల్ల మీద ఇంకో పెట్టె ఉంది. అదేమిటని అడిగాను. అడక్కుండా ఉండలేను.

"సింగరాయకొండ వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చిన డాల్ఫిన్‌ది. ఇక్కడినుంచి వేరే ల్యాబ్‌కి పంపుతాం. ఊపిరితిత్తులు పాడై ఉన్నాయి, జబ్బేమో చూడాలి."

"మరి అక్కడ ఎవర్ని అన్నారు మేడం?"

"జాలర్లని. వల వేసి చంపారని."

నేననుకున్నట్టే. చచ్చినదాని పక్కన పేదవాడు కనిపిస్తే చాలు, ఇంక జబ్బు సంగతి ఎవరికీ గుర్తు రాదు.

మేడం ఒక ఫారం ఇచ్చింది. ఊరు, చేను, పంట, అన్నీ చకచకా రాశాను. చివర్లో ఒక ప్రశ్న: చుట్టుపక్కల పెంపుడు కోళ్ళు చచ్చాయా? చస్తే వాటిని ఏం చేశారు?

పెన్ను ఆగిపోయింది. ఇది రాస్తే రేపు ఊరంతా నా మీద పడుతుంది. పొదిలి సంతలో మా కోడిని ఎవరూ ముట్టుకోరు. మేడం చూసింది. "అది తప్పనిసరి కాదండీ, ఖాళీగా వదిలేయొచ్చు. పరీక్ష ఎలాగూ చేస్తాను" అంది.

"నేను ఖాళీ వదిలితే మీ పరిశోధన కూడా ఖాళీయేగా మేడం?"

నేను రాశాను. "పద్నాలుగు కోళ్ళు. కొక్కెర తెగులు. చేని గట్టు అవతల పారేశాను. పూడ్చలేదు. పారేసింది నేనే." కింద పేరు రాసి సంతకం పెట్టాను. మా ఇంటి నుంచి సంతకం కావాలన్నారుగా, ఇదిగో. జరగనిదానికి మా నాన్న పెట్టడు, జరిగినదానికి నేను పెడతాను.

సాయంత్రం దాకా వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం పెరుగన్నం, బత్తాయి. నాలుగున్నరకి మేడం బయటికి వచ్చింది.

"కొక్కెర తెగులేనండీ. కాగితం మీ డాక్టరు గారికి ఇప్పుడే మెయిల్ పెట్టాను. విషం లేదని మాత్రం నేను చెప్పలేను, అది వేరే పరీక్ష. కానీ చావుకి ఇంత పెద్ద కారణం కళ్ళ ముందున్నాక, సోమవారం మీ నాన్నగారు ఏ సంతకమూ పెట్టక్కర్లేదు. ఈ కాగితం చూపించి, రెండో పరీక్ష వచ్చేదాకా ఆగమనండి."

ఏడుపొచ్చింది గానీ ఆపుకున్నాను, పని ఇంకా ఉంది. నా పెట్టె అడిగితే ఇవ్వలేదు, రోగం తగిలినవన్నీ ఇక్కడే కాల్చేస్తాం అంది. "అయితే ఇంకో శుభ్రమైన పెట్టె ఇవ్వండి మేడం, ఉత్త చేతులతో వెళ్ళను" అన్నాను. ఇచ్చింది. ఏం కొనాలో చీటీ కూడా రాసిచ్చింది.

షేర్ ఆటోలో గుంటూరు బస్టాండుకి వెళ్ళి, దగ్గర్లో పశువుల మందుల షాపు చూసుకుని, ఆరింటికి పొదిలి బస్సెక్కాను. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"నీ పేరెందుకు రాశావే పిచ్చిదానా? ఊరు ఊరుకుంటదా?"

"ఊరుకోకపోతే ఊళ్ళో ఇళ్ళన్నిటి లెక్క నేనూ చెప్తాను నాన్నా. ఎవరి గంప ఏ గట్టు దాటిందో నాకు తెలుసు. ముందు నువ్వు పార తీసుకెళ్ళి, ఆ గట్టు అవతల ఏం మిగిలి ఉన్నా లోతుగా పూడ్చు. సున్నం చల్లు."

ముందు ఇంకో రెండు తిట్లు తిట్టాడు. తర్వాత "సున్నం ఎంత వెయ్యాలే?" అన్నాడు. నాన్న మెత్తబడితే అలాగే ఉంటుంది.

నల్లపాడు దారి పెద్ద కష్టమేం కాదు. బస్సులో సీటు దొరుకుతుంది, అడిగితే ఐసు పోస్తారు, మన చేతిలో ఉన్నది ఏమిటో గట్టిగా చెప్తే జనం దారి ఇస్తారు. కష్టమంతా ఆ ఫారంలో చివరి ప్రశ్న దగ్గరే.

చిలకలూరిపేట దాటాక కండక్టరు వచ్చి నా ఒళ్ళో పెట్టె వైపు చూశాడు.

"ఏంటమ్మా అది, చేపలా?"

"కోళ్ళకి టీకా మందన్నా. కంట్లో ఒక్కో చుక్క. మా ఊళ్ళో కోళ్ళన్నిటికీ, తిట్టినవాళ్ళ కోళ్ళతో సహా."