ధనుష్కోడి నీళ్ళలో పట్టుకున్న చెయ్యి

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. జగ్గయ్యపేట బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. పిల్లలు ఫలానా చింతచెట్టు కిందికి పోవడానికి జడిస్తే, అక్కడే కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించేవాణ్ణి. అలాంటి నేను ఇది రాయాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది.

యాభైల చివర్లో ఒక వేసవి సెలవుల్లో రామేశ్వరం, ధనుష్కోడి వెళ్ళాను. మొక్కు అమ్మది. తను నడవలేక నన్ను పంపింది. దారిలో నందిగామలో మా చెల్లెలు శారద ఇంట్లో దిగాను. దానికి రెండు రోజులుగా ఒళ్ళు వెచ్చగా ఉంది. ప్రయాణం మానుకుంటానంటే ఒప్పుకోలేదు.

"నాకేం కాదులే అన్నయ్యా. సముద్రంలో నా పేరున కూడా ఓ మునక వెయ్యి, చాలు," అంది.

మా వైపు తీర్థానికి వెళ్ళినవాళ్ళు ఇంటి దగ్గరున్న ఒక్కొక్కరి పేరూ చెప్పి మునుగుతారు. నాకు నమ్మకం లేకపోయినా సరేనన్నాను.

అప్పట్లో ధనుష్కోడి చిన్న ఓడరేవు. రైలు పట్టాలు నీళ్ళ దాకా వెళ్ళి ఆగిపోయాయి. సిలోన్ వెళ్ళే స్టీమరు అక్కడే ఎక్కాలి. కస్టమ్స్ వాళ్ళు ఒక ముసలామె ట్రంకుపెట్టె విప్పించి చీరలు దులిపి చూస్తున్నారు. మన దేశం ఇక్కడితో సరి అనుకుంటే ఎందుకో బెంగగా అనిపించింది.

ఎండెక్కాక, జనం లేని చోటు చూసుకుని మొలలోతు నీళ్ళలోకి దిగాను. అమ్మ పేరున మునిగాను. తమ్ముడి పేరున మునిగాను. శారద పేరు చెప్పి మునగగానే నీళ్ళ కింద ఎవరో నా ఎడమ చెయ్యి పట్టుకున్నారు.

ఆడమనిషి చెయ్యి. అంత నీళ్ళలోనూ కాలిపోతోంది. నా వేళ్ళకి గాజులు తగిలాయి. వాటి పైన దారం, దారానికి చిన్న రేకు తాయెత్తు. భయంతో నోరు తెరిస్తే ఉప్పునీళ్ళు లోపలికి పోయాయి. బలమంతా పెట్టి విదిలించుకుని లేచాను. చుట్టూ ఎవరూ లేరు. ఒడ్డుకొచ్చి పడ్డాను. మిగిలిన పేర్లకి మునగలేదు.

తిరిగొచ్చి నందిగామలో దిగేసరికి శారద మంచాన పడి ఉంది. టైఫాయిడ్ అన్నారు. కుడి మణికట్టుకి దారం, రేకు తాయెత్తు. ఆ తాయెత్తుని వేళ్ళతో తడిమి చూశాను.

"మీరెళ్ళిన మర్నాడు పక్కింటి సాయిబుగారు కట్టారండి," అన్నాడు బావ.

నేనింకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. శారద కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టింది.

"ఎందుకన్నయ్యా అంతలా విదిలించావు? నాకు ఈత రాదుగా," అంది.

మర్నాడు మధ్యాహ్నం పోయింది.

దయ్యమందామంటే, నేను మునిగిన పూట శారద బతికే ఉంది. జ్వరంలో ఏదో కలవరించిందనుకుందామంటే, నేను వెళ్ళాక కట్టిన తాయెత్తు నా వేళ్ళకెలా తగిలింది? నాకు ఈనాటికీ తెలియదు. అమ్మకి చెప్పే ధైర్యం లేకపోయింది.

ముక్త్యాల దగ్గర కృష్ణలో దిగినప్పుడల్లా దాని పేరున ఒక మునక వేస్తాను. ఎడమ చెయ్యి చాపి, ఊపిరి బిగపట్టగలిగినంతసేపూ నీళ్ళలోనే ఉంటాను. ఎవరూ పట్టుకోరు.