తడి నేల మీద గాజు గిన్నె

అమ్మ పోయేదాకా ఒకటే మాట అన్నది: "నిప్పు ఎక్కువైంది, గందుకే పగిలింది." కాలేజీలో సైన్సు చదివి, పెళ్లిచూపుల్లో కూడా ఎదుటివాళ్ల తప్పులు దిద్దినదాన్ని. ఈ ఒక్క మాట దిద్దలేదు.

గిన్నె మాది కాదు. ఇబ్రహీంపట్నంలో మా పక్కింటి ముస్లిం ఆవిడది. ఆమె భర్త పట్నంలో ఒక దొర బంగళాలో వంట చేసేవాడు. అక్కడ పాతదని ఇచ్చేస్తే తెచ్చుకున్నాడు. పెనంలో ఇసుక పోసి, దాని మీద ఆ మందపాటి గాజు గిన్నె పెట్టి, పైన రేకు మూతలో బొగ్గులేసి రవ్వరొట్టె కాల్చేవాడు.

నలభై ఎనిమిదిలో పోలీసు యాక్షన్ జరిగిన వారంలోనే అతన్ని చంపారు. ఎవరు చంపారో ఊరందరికీ తెలుసు. అడిగితే మాత్రం అందరూ ఆ రోజు పొలంలోనే ఉన్నారు. అంతకుముందు నవాబు వైపు తుపాకులోళ్లకు నీళ్లిచ్చాడట, అదీ నేరం. నీళ్లు మా ఇంట్లోనూ ఇచ్చారు. అడిగే చేతిలో తుపాకి ఉంటే ఇవ్వనిదెవరు?

ఆమె హయత్‌నగర్‌లో చుట్టాలింటికి పోతూ గిన్నెను అమ్మకు అప్పజెప్పింది.

"మంటకు పగలదక్కా, తడికి పగుల్తది. కాలినప్పుడు జర పొడి నేల మీద దించు. ఆయనది గిదొక్కటే మిగిలింది."

తొమ్మిదేళ్లదాన్ని, పక్కనే నిలబడి విన్నాను.

నాలుగు నెలలకు, గిన్నె కోసం వస్తున్నానని కబురు పెట్టింది. ఒకరి గిన్నె ఖాళీగా తిరిగివ్వడం మా ఇంట్లో లేదు. అమ్మ పెనంలో ఇసుక పోసి, రవ్వలో పాలూ బెల్లమూ కలిపింది. మనిషి వస్తుందని నన్ను వంటిల్లు అలకమంది. పొద్దుటి పనిని ఆటల్లో పడి మధ్యాహ్నానికి తెచ్చి, పేడనీళ్లతో గబగబా అలికాను.

"ఆరిందా?" అమ్మ పొయ్యి దగ్గర నుంచి వెనక్కి చూడకుండానే అడిగింది.

"అవ్, ఆరింది."

పాత గుడ్డతో పట్టుకొని గిన్నెను నేల మీద దించింది. టప్పుమంది.

పెంకుల మధ్య రొట్టె ఇంకా పొగలు కక్కుతుండగానే పక్కింటామె గడప దాటి వచ్చింది.

"నా చేతులు విరగ, నిప్పు ఎక్కువ పెట్టిన చెల్లె," అని అమ్మ తల బాదుకుంది.

ఆమె కూర్చుని పెంకులు ఏరడం మొదలుపెట్టింది. ఒకచోట అరచేయి నేలకు ఆనింది. తీసి చూసుకుంది. తడి పేడ. తర్వాత నన్ను చూసింది.

చేయి కొంగుకు తుడుచుకుంటూ, "అవ్ అక్కా," అంది, "నిప్పే."