ఆరో వరుస

ఇవాళ శుక్రవారం. మా పక్కింటి చెల్లె మొన్న బుధవారం పొద్దున పోయింది. ఆ పొద్దున గోడకు ఇవతల నేనేం చేశానో ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

మేమిద్దరం రోజూ ఎవరి ఫోనులో వాళ్లం, దాగిన ఒకే మాటను కనిపెట్టే ఆట ఆడేవాళ్లం. వరుసకు నాలుగు గడులు, ఆరు వరుసలు, అంటే ఆరు ప్రయత్నాలు. సరైన చోట సరైన అక్షరం పడితే గడి పచ్చబడుతుంది. చోటు తప్పితే పసుపు, లేని అక్షరమైతే బూడిద రంగు. ఎవరికి ఎన్నో వరుసలో దొరికిందో నోట్‌బుక్కులో రాసేదాన్ని. నియమం కూడా నాదే: ఆట ముగించి ఇద్దరమూ రంగులు పంపుకునేదాకా పలకరింపు లేదు. ఒకసారి గోడ మీదుగా "అక్కా, ఛాయ్ తాగినవా?" అన్నందుకు ఆమె ఆ రోజు ఆట లెక్కలోంచి కొట్టేశాను. "నీకంటే మా సూపర్‌వైజరే నయముండె!" అని నవ్వింది.

ఆమె గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసి మానేసింది. బడిలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన నాకు ఈ ఆట ఉపాయాలు నేర్పింది ఆమే. రోజూ "నిలకడ" అనే మాటతోనే మొదలుపెట్టేది. "మొదటి మాట గెల్వనీకి కాదక్కా, అడగనీకి" అనేది. మూడు గడులు పచ్చబడగానే నేను నాలుగోదాంట్లో తోచిన అక్షరమల్లా పెట్టి వరుసలన్నీ పోగొట్టుకునేదాన్ని.

"గట్ల ఉరకకు. అనుమానమున్న అక్షరాలన్నీ ఒక్క మాటల పెట్టి సూడు. ఒక వరుస పోతే పోనీ. కంపెనీల గోలీల షీట్లు ముంగటి నుంచి పోతుంటే నిండినయి ఎవరు సూస్తరు? ఖాళీ ఏడున్నదో గదే సూస్తుంటిమి."

బుధవారం ఆరుంబావుకు "షురూ చేసిన" అని ఆమె మెసేజ్ వచ్చింది. ఆమె భర్త అప్పటికే డ్యూటీకి వెళ్లాడు. నాకు నాలుగో వరుసలో దొరికింది. ఆమె రంగులు రాలేదు. ఏడయింది, ఎనిమిదయింది. వాళ్ల గేటుకు పాల ప్యాకెట్టు అలాగే వేలాడుతోంది. చూశాను. నాకు వచ్చింది, ఆమెకు రాలేదని లోలోపల మురిశాను కూడా.

తొమ్మిదిన్నరకు డ్యూటీలోంచి ఆమె భర్త ఫోన్. "అక్కా, ఎన్నిసార్లు చేసినా ఎత్తుతలేదు. జెర పోయి సూడు."

తలుపు దగ్గరగా వేసి ఉంది. కుర్చీలో కూర్చునే ఉంది. చెయ్యి చల్లగా తగిలింది. ఒళ్లో ఫోను. తాకితే తెర వెలిగింది. ఐదు వరుసలు నిండాయి, ఐదోదాంట్లో మూడు పచ్చ. ఆరోది ఖాళీ.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. ముందే వెళ్లినా లాభం ఉండేది కాదట. నా ముఖం చూసి అన్నాడో, నిజమే అన్నాడో. ఖాళీని చూడమని ఆమె రోజూ చెప్పింది. మూడుంబావు గంటలు కళ్లెదుటే ఉన్నా నేను చూడలేదు.

ఇక జరగాల్సినవి:

1. ఎవరితో ఆడినా ఆ నియమం ఇక లేదు. ఏడింటికి రంగులు రాకపోతే వెళ్లి తలుపు కొట్టాలి.

2. నోట్‌బుక్కులో బుధవారం ఆమె పేరు కింద సున్నా వేయకూడదు. ఖాళీగానే ఉంచాలి.

3. నిన్న ఆమె భర్త ఆ ఫోను పట్టుకొచ్చి, "అక్కా, గిది ఎట్ల ఆడుతుండె? నాకు జెర చెప్పు" అన్నాడు. దినాలు అయ్యాక, పొద్దున ఆరుంబావుకు, గోడకు అటు ఆయన, ఇటు నేను కుర్చీలు వేసుకోవాలి. మొదటి వరుసలో "నిలకడ" అని ఆయనే కొట్టాలి. ఆట అయిపోయేదాకా మేం మాట్లాడుకుంటూనే ఉండాలి.